సత్తువంతా తేటలోనే

బటానీ పప్పు ఉడికేటప్పుడు పైకి నురగ తేలుతుంది. దాన్ని గరిటెతో తీసి పారేయాలి, లేకపోతే సూప్‌కి పచ్చివాసన పట్టుకుంటుంది. ఈ మాట ఫోన్లో వంటలు చెప్పే దొరసాని నేర్పక్కర్లేదు, నాకు ముందే తెలుసు. ఆవిడ తళతళలాడే వంటింట్లో నిలబడి సెలెరీ కాడలు తరిగి, థైమ్ అనే ఏదో ఆకు దూసి వేసి, ఇంట్లో చేసుకునే స్ప్లిట్ పీ సూప్, అంటే ఈ బటానీ పప్పు సూప్ కంటే ఒంటికి మంచిది ఇంకోటి లేదని పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది. బరంపురం పెద్ద బజారులో సెలెరీ ఉందా అని అడిగితే కూరలమ్మే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఓ కొత్తిమీర కట్ట చేతిలో పెట్టి, వెనకవాళ్ళకి దారివ్వమంది.

సెలెరీ లేకపోయినా సూప్ అవుతుంది. నానిన బటానీ పప్పు, ఒక కేరట్, చిన్న అల్లం ముక్క, చిటికెడు పసుపు. దించాక జీలకర్ర పొడి, చెంచాడు నెయ్యి, తగ్గించి వేసిన ఉప్పు. మిరియాలు వెయ్యకూడదు, పుండు మండుతుంది. పోపు పెట్టకూడదు. ఇది మా అమ్మ కోసం చేసే సూప్. అమ్మని బతికించిన సూప్ అని రాయాలని ఉంది కానీ, అలా రాస్తే అబద్ధమవుతుంది.

అమ్మకి అంగిట్లో పుండు లేచింది. ముందు వేడి అనుకున్నాం, పెరుగన్నం పెట్టాం. తర్వాత పన్ను పోటు అనుకున్నాం. చికిటి దగ్గర పల్లెలో ఒక్కర్తీ ఉండే మనిషి, నొప్పి అని నోరు తెరిచి చెప్పేసరికే పుండు రూపాయి బిళ్ళంత అయింది. బరంపురం తీసుకొచ్చి మా ఇంట్లో పెట్టుకున్నాను. ఇక్కడి డాక్టరు టార్చి వేసి చూసి, చుట్ట తాగుతారా అని అడిగాడు. తాగుతుంది అన్నాను. ఎలా తాగుతారు అన్నాడు. నేను వేలు తిప్పి నోట్లోకి చూపించాను.

తెలియనివాళ్ళకి చెప్పాలి. మా వైపు పొలం పనికి వెళ్ళే ఆడవాళ్ళు చాలామంది చుట్టని తిప్పి పెట్టుకుంటారు. నిప్పున్న కొసని నోట్లోకి పెట్టి పెదాలు మూసేస్తారు. దాన్ని అడ్డపొగ అంటారు. ఇటు గంజాం పల్లెల నుంచి అటు శ్రీకాకుళం దాకా ఇదే వాడుక. గాలికి ఆరిపోదు, చంకలో పిల్ల మీద బూడిద రాలదు, రెండు చేతులూ కలుపుతీతకి ఖాళీగా ఉంటాయి. అమ్మ నోట్లో నిప్పు ఉండగానే మమ్మల్ని తిట్టగలిగేది. తిట్టుతో పాటు పొగ వచ్చేది. చిన్నప్పుడు నాకూ తమ్ముడికీ అది గొప్ప విద్యలా కనిపించేది. పక్కింటి పిల్లలకి మా అమ్మని చూపించి గర్వపడేవాళ్ళం.

ఆపరేషన్ కటకం కేన్సర్ ఆస్పత్రిలో అయింది. అంగిలి సగం తీసేశారు. ఆ కన్నానికి పళ్ళసెట్టు లాంటి ప్లేటు ఒకటి చేసి అమర్చారు. అది కాస్త పక్కకి జరిగితే చాలు, తాగిన నీళ్ళు ముక్కులోంచి కారేవి. మాట కూడా ముక్కులోంచే. ఆ మాట నాకు తప్ప మా ఇంట్లో ఇంకెవరికీ అర్థమయ్యేది కాదు. మా ఆయన రైల్వే ఆఫీసు మనిషి, పెద్ద గొంతుతో మాట్లాడితే ఆవిడకి బాగా వినిపిస్తుందనుకుని అరిచి మాట్లాడేవాడు. చెవులు బాగానే ఉన్నాయి, పోయింది అంగిలి అని నేను విసుక్కునేదాన్ని.

పంపించేటప్పుడు పెద్ద డాక్టరు ఒకటే మాట చెప్పాడు. పుండు మానగానే కరెంటు పెట్టాలి. రేడియేషన్‌ని అందరం కరెంటు అనే అంటాం, చివరికి ఆయన కూడా మాతో అలాగే అన్నాడు. కరెంటు పెట్టకపోతే ఇది మళ్ళీ లేస్తుంది. కానీ ఇప్పుడున్న ఒంటితో ఈవిడ కరెంటుకి ఆగలేదు. కాస్త కండ పట్టించి తీసుకురండి. ఇదీ మా పని. అమ్మ బరువు పెరిగితే కరెంటు, కరెంటు పెడితే అమ్మ. ఇంత తేలిగ్గా అర్థమయ్యే లెక్క నేను చదువుకునే రోజుల్లో కూడా చూడలేదు.

తిండి సంగతి చెప్పడానికి అక్కడ ఒక అమ్మాయి ఉంది. ఒరియా పిల్ల. అమ్మని మావుసీ అనీ, నన్ను అపా అనీ పిలిచింది. ఒరియాలో మావుసీ అంటే పిన్ని, అపా అంటే అక్క, మా వైపు అప్ప అన్నట్టే. బలానికని అమ్మే పొడి డబ్బాల మీద డబ్బు తగలెయ్యొద్దు అంది. బటానీ పప్పు మెత్తగా ఉడికించి సూప్ చెయ్యండి, పలుకులూ తొక్కలూ ఆ కన్నంలో ఇరుక్కోకుండా వడగట్టండి, కొద్దికొద్దిగా రోజంతా తాగించండి అంది. ఆ పిల్ల మాట పూర్తి కాకముందే నేను తల ఊపేశాను. చీరల దుకాణంలో పనిచేస్తాను. గుమ్మం ఎక్కుతున్న మనిషిని చూసి ఏ రంగు అడుగుతుందో చెప్పగలనని నాకు పొగరు. పప్పు వడగట్టడం నాకొకరు నేర్పాలా?

నేను వడగట్టిన తీరు ఇది. పప్పు కుక్కర్లో మెత్తగా ఉడికించి, దించి, కదపకుండా ఉంచేదాన్ని. ముద్దంతా అడుక్కి దిగాక పైన పసుపుపచ్చటి తేట నిలబడేది. గిన్నె నెమ్మదిగా వంచి ఆ తేటని పాత నేత చీర ముక్కలోంచి దింపేదాన్ని. బట్టని పిండేదాన్ని కాదు, పిండితే మడ్డి వస్తుంది కదా. ఉప్పు, జీలకర్ర పొడి, నెయ్యి. స్టీలు గ్లాసులో పోస్తే అడుగున గ్లాసు మీద చెక్కిన మా ఆయన పేరు కనబడేంత తేటగా ఉండేది. అది చూసుకుని మురిసిపోయేదాన్ని. పొద్దున్న ఓసారి, దుకాణానికి వెళ్ళే ముందు ఓసారి, ఫ్లాస్కులో పోసి మధ్యాహ్నానికి, సాయంత్రం రాగానే మళ్ళీ.

అడుగున మిగిలిన ముద్దని పారేస్తామా? ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేసి పోపు పెడితే అన్నంలోకి కమ్మగా ఉండేది. సాయంత్రం మరమరాల మీద వేసుకుని పైన నిమ్మకాయ పిండితే, వీధి చివర బండి వాడి బటానీల ఘుగునీ ఎందుకూ పనికిరాదని మా ఆయన మెచ్చుకున్నాడు. మా అమ్మాయి కాలేజీకి డబ్బాలో పట్టుకెళ్ళింది. నా జాకెట్లు బిగువయ్యాయి. దుకాణంలో వాళ్ళు, అమ్మకి ఒంట్లో బాగోలేదంటావు, నువ్వు చూస్తే నిగనిగలాడుతున్నావని ఆటపట్టించారు.

తేట ఎందుకు ఇచ్చానో చెప్పకపోతే ఇదంతా నా తెలివితక్కువతనమనే అనిపిస్తుంది. తెలివితక్కువతనమే. కానీ అది నేనొక్కర్తినే సంపాదించుకున్నది కాదు.

నాన్న పోయేనాటికి తమ్ముడు నడక నేర్చుకుంటున్నాడు. అమ్మ కూలికి వెళ్ళి వచ్చి, పొయ్యి మీద కుండలో ఉలవలో పెసలో పడేసేది. ఎన్ని వేసేదో నాకు తెలీదు, నీళ్ళు మాత్రం నిండుగా పోసేది. ఉడికాక కుండ దించి పక్కన పెట్టేది. మేమిద్దరం కుండకి చెరోవైపు కూర్చుని అది తేరుకునేదాకా చూస్తూ ఉండాలి. ముట్టుకుంటే చేతి మీద ఒక్కటి పడేది. తేరుకున్నాక పైనున్న నీళ్ళు తన సత్తు గిన్నెలోకి వంచుకునేది. అడుగున ఉన్న ముద్ద మా ఇద్దరికీ రాగి పిండితో కాచిన చోడి అంబలి పక్కన పెట్టేది.

తమ్ముడు ఆ తేట కోసం ఏడ్చేవాడు. వాడికొక్క గుక్క ఇవ్వొచ్చు కదా అని నేను అడిగేదాన్ని.

"సత్తువంతా తేటలోనే ఉంటాది గుంటా," అనేది అమ్మ. "నాను పొద్దు పొడిస్తే పనికెల్లాల గదా, నాకు గావాల. ముద్దలో ఏటుంటాది? మీరు కడుపు నింపుకోండి, సాలు."

మేము తినడం అయ్యేదాకా తాగేది కాదు. గిన్నెలు నాకి చూపించాక అప్పుడు తన గిన్నె ఎత్తేది. తర్వాత చుట్ట వెలిగించి, తిప్పి నోట్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చునేది. అమ్మ మంచిదంతా తనే తాగేస్తుందని మా ఇద్దరికీ గట్టి నమ్మకం. ఒకసారి తమ్ముడు చూడకుండా రెండు గుక్కలు దొంగతనంగా తాగేసి, ఇప్పుడు నేను ఎడ్లబండి లాగేస్తానని జబ్బలు చూపించాడు. నాకు కుళ్ళు వచ్చింది. తర్వాత నా కూతురికి జ్వరాలు వచ్చినప్పుడల్లా పప్పు తేట పట్టాను. నా సంసారంలో ఎవరు నీరసపడ్డా తేట పట్టాను. పెద్దదాన్నయ్యాక కూడా ఆ మాటని ఎన్నడూ అనుమానించలేదు. ఏ మాటని అనుమానించాలో మనకెవరూ చెప్పరు.

అందుకని అమ్మ మంచాన పడితే నేను చేసిన పని ఇది. ఆవిడ ఆశపడి తన కోసం ఉంచుకున్న సత్తువని ఒక్క బొట్టు కూడా వేరేవాళ్ళ నోట పడనివ్వకుండా ఆవిడకే పోశాను.

అమ్మ తాగేది. ప్లేటు జరగకుండా పైపెదవి వేలితో నొక్కి పట్టుకుని, చెంచా చెంచా తాగేది. ఎన్నడూ వద్దనలేదు. మందుల దుకాణంలో బరువు చూసే మెషీన్ ఉంది, ఆటోలో తీసుకెళ్ళి ఎక్కించేదాన్ని. ముల్లు వెనక్కే నడిచింది. మొదటిసారి మెషీన్ పాడైందన్నాను. రెండోసారి దుకాణం వాడితో గొడవ పెట్టుకున్నాను. వాడు తనే ఎక్కి చూపించాడు, మెషీన్ శుభ్రంగా ఉంది.

అప్పుడు నా కోపం అమ్మ మీదికి మళ్ళింది. దొంగచాటుగా చుట్ట తాగుతోందేమోనని తలగడ కింద వెతికాను. పరుపు ఎత్తి చూశాను. నేను లేనప్పుడు సూప్ తూములో పారబోస్తోందేమోనని మా అమ్మాయిని కాపలా పెట్టాను. అమ్మమ్మ చుక్క మిగల్చడం లేదని అది చెప్పింది.

"మరి తాగిందంతా ఎక్కడికి పోతన్నాది?" అని ఒకరోజు అరిచేశాను. "నానింత సేత్తంటే నీ ఒంటికి పట్టదేటి?"

అమ్మ నా వంక చూసింది. "నువ్వు పోత్తన్నావు, నాను తాగతన్నాను. ఇంకేటి సెయ్యమంటావు?" అని ముక్కుతో అంది. మేం అప్పుడే భోజనాలు ముగించాం. నా కంచంలో పచ్చటి ముద్ద మరక ఇంకా ఉంది. అమ్మ దాన్ని చూసింది. చూసిందని ఇప్పుడు గుర్తొస్తోంది, అప్పుడు నాకు అదేమీ తోచలేదు.

తమ్ముడు సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేస్తాడు. మా గంజాం మగపిల్లల్లో సగం మంది అక్కడే ఉంటారు. వాడు ఆదివారం ఫోన్ చేసేవాడు.

"తేట పోత్తన్నావా అప్పా?" అని అడిగాడు.

"పోత్తన్నాను."

"బాగా పొయ్యి. సిన్నప్పుడు మనకి ఒక్క గుక్క ఇచ్చీది కాదు," అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం నాకే అసహ్యమనిపిస్తుంది.

చెప్పిన గడువుకి కటకం వెళ్ళాం. అమ్మని రైల్లో కిటికీ పక్కన పడుకోబెట్టాను, బెర్తులో సగం కూడా పట్టలేదు. ఫ్లాస్కు నిండా సూప్ తీసుకెళ్ళాను. ఆస్పత్రిలో బరువు చూసిన ఆ తిండి అమ్మాయి కాగితం మీద ఏమీ రాయకుండా కలం పక్కన పెట్టింది. మావుసీకి ఏం పెడుతున్నారు అపా అని అడిగింది. మీరు చెప్పిందే, బటానీ పప్పు సూప్ అన్నాను. ఎంత తాగుతారు అంది. ఎంత పోస్తే అంత అన్నాను. ఫ్లాస్కు చూపిస్తారా అంది.

మూతలోకి వంపుకుని చూసింది. వెలుగు వైపు తిప్పి మళ్ళీ చూసింది.

"ఇందులో పప్పేది?"

నేను గర్వంగా చెప్పాను. ఉడికించి, తేరుకోనిచ్చి, బట్టలోంచి దింపి, ఒక్క నలుసు కూడా రాకుండా చేస్తానని ఒరియాలో పూసగుచ్చినట్టు చెప్పాను. బలమంతా తేటలోనే ఉంటుంది కదా అన్నాను. ఆ పిల్ల నన్ను మధ్యలో ఆపలేదు.

"అడుగున మిగిలింది ఏం చేస్తున్నారు?"

"మేం తింటున్నాం."

నా నోట్లోంచి వచ్చిన ఆ రెండు మాటలు నాకు నేనే విన్నాను. ఆ అమ్మాయి తిట్టి ఉంటే బాగుండేది. తిట్టేవాళ్ళతో నేను పోట్లాడగలను. ఆ పిల్ల చాలా మెల్లిగా, నీళ్ళలో ఏముంటుంది అపా, బలమంతా ఆ ముద్దలోనే కదా, మెత్తగా రుబ్బి జల్లెడలో నొక్కి తీసి అదే ఇమ్మన్నాను కదా అంది. కాదండీ, మా అమ్మ ఎప్పుడూ, అని మొదలుపెట్టి అమ్మ వైపు తిరిగాను. అమ్మకి ఒరియా బాగా వచ్చు. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ మీద ఫ్యాను స్విచ్చుల వైపు చూస్తోంది. చంటిపిల్ల అయినా దొరికిపోయినప్పుడు అంత మొహం తిప్పుకోదు. నాకు అప్పుడే అంతా తెలిసిపోయింది.

పెద్ద డాక్టరు చూశాడు. మెడ పక్కన వేళ్ళతో తడిమి, మళ్ళీ తడిమాడు. అక్కడ గడ్డ కట్టింది. ఇప్పుడు కరెంటు పెట్టలేం, ఈ ఒంటికి పెడితే బల్ల మీదే ఏమైనా జరగొచ్చు, ముందు తినిపించండి అన్నాడు. అమ్మని బయట కూర్చోబెట్టి నేను ఒక్కర్తినే మళ్ళీ లోపలికి వెళ్ళాను. తిండి సరిగ్గా పెట్టి ఉంటే ఈ గడ్డ వచ్చేది కాదా అని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెప్పలేమమ్మా అన్నాడు. బాగా తిన్నవాళ్ళకీ వస్తుంది, తిననివాళ్ళకి రాకుండానూ ఉంటుంది, చెప్పలేం. అవునంటే నన్ను నేను కొట్టుకునేదాన్ని, కాదంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. చెప్పలేమన్న మాటతో ఏం చెయ్యాలో నాకు ఈరోజుకీ తెలియడం లేదు. వంటింట్లో ఉన్నా, దుకాణంలో చీర మడతపెడుతున్నా ఆ మాటే.

తిరుగు రైలు రంభ దగ్గరికి వచ్చింది. కిటికీలోంచి చిలికా సరస్సు కనిపిస్తోంది, అమ్మ దాన్నే చూస్తూ పడుకుంది. పక్కన ఎవరో పల్లీలు తింటున్నారు. నాకు ఆ మనిషిని కొట్టాలనిపించింది.

"తేటలో ఏటీ నేదని నీకు తెల్సు," అన్నాను చివరికి.

అమ్మ చెంగు మొహం మీదికి లాక్కుంది.

"మాకెందుకలా సెప్పేవు?"

"ఇంకేటని సెప్పాలి?" అంది. ప్లేటు సర్దుకుని మళ్ళీ మెల్లిగా అంది. "నాకు సాలదని సెప్తే మీరు తిందురా? నువ్వసలే మొండిదానివి. నీ ముద్ద తెచ్చి నా గిన్నెలో ఏసీసీదానివి."

"ఆకలెయ్యలేదా నీకు?"

"సుట్టుంది గదా. అడ్డపొగెట్టుకుంటే ఆకలి సచ్చిపోతాది."

ఎంత తేలిగ్గా అందో. ఆవిడకి చుట్ట ఇష్టమనుకున్నాను. అందరాడవాళ్ళలాగే సరదాకి అలవాటైందనుకున్నాను. కటకం వెళ్ళిన మొదటిరోజు నుంచీ చుట్ట తాగినందుకు ఆవిడని ఎన్ని మాటలన్నానో లెక్కలేదు. మా ముద్ద కోసం చుట్ట, ఆ చుట్టకి ఈ పుండు.

"పోనీ ఇప్పుడేనా సెప్పొచ్చు గదా అమ్మా," అన్నాను. గొంతు పెద్దదైంది, పల్లీల మనిషి తిరిగి చూశాడు. "ఇన్నాల్లూ నీ ఎదరే వడగట్టేను. నీ ఎదరే మేం ముగ్గురం తిన్నాం. ఒక్క మాట సెప్తే ఏటి పోయీది?"

అమ్మ పైపెదవి వేలితో నొక్కి పట్టుకుంది. "ముద్ద మింగితే మంటెత్తిపోతాది," అంది ముందు. తర్వాత నా జాకెట్టు చెయ్యి పట్టుకుని, బిగువుగా ఉన్నచోట వేలితో తాకింది. "మీరు తింతంటే సూడ్డానికి బాగుండీది. నువ్వు సిన్నప్పుడు కూడా అలాగే తినీదానివి, గిన్నెలో ముకం ఎట్టీసి."

నేను అక్కడే, అందరి ముందూ ఏడ్చాను. ఆవిడ మీద కోపంతో ఏడ్చాను. ఒక మనిషి చెప్పిన అబద్ధం ఆ మనిషినే తినేస్తుంటే, ఆ మనిషి అది చూస్తూ కూడా ఊరుకుంటే, ఆ కోపం ఎవరి మీద చూపించాలి? ప్రేమ అని దీనికి పేరు పెట్టి ఊరట పడమని మా ఆయన అన్నాడు. ఊరట పడలేకపోయాను. పొట్ట నిండినవాళ్ళే అలాంటి మాటలనగలరు.

ఇంటికి వచ్చిన మర్నాటి నుంచీ సూప్ సరిగ్గా చేశాను. ఉడికిన పప్పూ కేరటూ నీళ్ళతో సహా మిక్సీలో వేసి, టీ వడపోసే జాలీ కాకుండా పెద్ద జల్లెడలో గరిటె వెనకతో నొక్కి నొక్కి తీశాను. నెయ్యి ఎక్కువ వేశాను. గరిటె నిలబడేంత చిక్కగా వచ్చింది. దొరసాని గిన్నెలో కనిపించిన సూప్ అచ్చంగా ఇలాగే ఉంటుంది. అసలు మొదటిరోజే ఆ గిన్నెలోకి సరిగ్గా చూసి ఉంటే తెలిసేది. నేను ఆవిడ నవ్వు చూసి మండిపడుతూ కూర్చున్నాను.

అమ్మ నా కోసం తాగింది. కొన్నాళ్ళు రోజుకి ఓ గ్లాసు దిగింది. మొహం కాస్త తేరిందని మా అమ్మాయి అంటే నమ్మాను. మందుల దుకాణం వాడు, ముల్లు కదిలింది చూడండి అని పిలిచి మరీ చూపించాడు. నేను మళ్ళీ కటకం వెళ్ళాలని చీరల దుకాణంలో సెలవు కూడా అడిగి పెట్టుకున్నాను.

తర్వాత గడ్డ పెరిగింది. గొంతు మూసుకుపోవడం మొదలైంది. చిక్కటి సూప్ చెంచాడు పోస్తే సగం ముక్కులోంచి వచ్చేది, సగం గొంతుకి అడ్డం పడి దగ్గుతో ఊపిరాడేది కాదు. నీళ్ళు కలిపాను. ఇంకా కలిపాను. ఇక్కడి డాక్టరు ఇంటికే వచ్చి చూసి, కటకం తిప్పి ప్రయోజనం లేదు, ఆవిడకి ఏది దిగితే అది ఇవ్వండి అన్నాడు. ముక్కులోంచి గొట్టం వెయ్యమంటారా అని అడిగాను. అమ్మ మంచం మీద నుంచే తల అడ్డంగా ఊపింది. తమ్ముడికి ఫోన్ చేసి బయల్దేరమన్నాను. తేట పోత్తన్నావా అని వాడు ఈసారి అడగలేదు. వాడికి నేను అన్నీ చెప్పాను.

ఇప్పుడు వాడు రైల్లో ఉన్నాడు. నేను ఈ పొద్దున్న కూడా బటానీ పప్పు ఉడికించాను. నురగ తీశాను. కుక్కర్ దించి, కదపకుండా పక్కన పెట్టాను. ముద్దంతా అడుక్కి దిగేదాకా దాని ముందు కూర్చుని చూశాను. పైన తేట నిలబడింది. పాత చీర ముక్క ఉతికి దాచిందే, దాన్ని తీసి అందులోంచి దింపాను. ఎందుకంటే ఇప్పుడు అమ్మ గొంతులోంచి దిగేది అదొక్కటే. అందులో ఏమీ లేదని నాకు తెలుసు, ఆవిడకి తెలుసు.

గ్లాసూ చెంచా పట్టుకుని మంచం మీద కూర్చున్నాను. అమ్మ నోరు తెరవలేదు. చెంచా పెదవుల దగ్గర పెట్టాను. పెదవులు బిగించి, వంటింటి వైపు చెయ్యి చూపించింది. ఏటి గావాలి అని అడిగాను. మాట రావడం లేదు. మళ్ళీ వంటింటి వైపు చూపించి, ఆ వేలిని నా వైపు తిప్పింది. ముద్ద. అడుగున మిగిలిన ముద్ద నేను తినాలి.

నాకు వద్దమ్మా అన్నాను. దణ్ణం పెడతాను, ఇది తాగు అన్నాను. ఆవిడ మొండితనం ముందు నాది ఎంత? లేచి వెళ్ళి కుక్కర్లోంచి ముద్ద గిన్నెలో పెట్టుకుని వచ్చాను. ఉప్పు కూడా వెయ్యలేదు. ఆవిడ ఎదురుగా కూర్చుని ఒక్కో ముద్దా మింగాను. అమ్మ కళ్ళు నా గిన్నె మీద నుంచి కదల్లేదు. గిన్నె వేలితో తుడిచి, నాకి, వంచి చూపించాను.

అప్పుడు నోరు తెరిచింది.